గది కోళ్లకు, మిద్దె మనకు

సిల్కీ కోళ్లు పెంచుకోవాలని ఉంది, గూడు ఎక్కడ కట్టమంటారు అని ఎవరడిగినా ముందు నేనే ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో సాయంత్రం సముద్రపు గాలి తగిలే గది ఏది? ఆ గది ఖాళీ చేయండి. బీరువా ఉంటే వసారాలోకి జరపండి. మంచాలుంటే మిద్దె ఎక్కించండి. గూటి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఊళ్లో కోళ్లు పెంచినవాళ్లు ఈ మాట విని నవ్వుతారని తెలుసు. కోడికి గది ఏమిటమ్మా, పగలు వదిలేస్తే తిరిగి తింటుంది, చీకటి పడగానే గంప కింద మూస్తే సరిపోయె అంటారు. నాటుకోడికి ఆ మాట అక్షరాలా నిజం. సిల్కీని అలా పెంచితే చంపుకోవడమే. నేను ఒకదాన్ని చంపుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది మద్రాసులో సౌకార్‌పేట. మింట్ వీధిలోంచి చీలే సందుల్లో ఒకదానిలో, గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. పెరడు అనే మాట మా అత్తగారు తన పుట్టింటి కబుర్లు చెప్పేటప్పుడు వినడమే. మాకు పెరడైనా, వడియాలు ఎండబెట్టే చోటైనా, వెన్నెలైనా మిద్దే. దాని మీద ఒక రేకుల గది ఉంది. 1996లో కొత్వాల్ చావడి కూరగాయల బేరం కోయంబేడుకు తరలిపోయే దాకా మా మామగారు అందులో గోనెసంచులు దొంతర్లుగా పెట్టుకునేవారు. సంచులు అలాగే ఉండిపోయాయి, గది ఊరికే పడి ఉంది. కోళ్లు తెచ్చినప్పుడు అందరూ ఆ గదే చూపించారు. నేనూ సరేనన్నాను. రోహిణి కార్తె మధ్యాహ్నం రెండింటికి మజ్జిగ తీసుకుని పైకి వెళ్లేసరికి రెండిట్లో ఒకటి రెక్కలు పరుచుకుని, ముక్కు తెరుచుకుని పడి ఉంది. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా కాలింది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం తప్ప ఒంట్లో వేడి బయటికి పంపే దారి దానికి పెద్దగా లేదు. సిల్కీకి పైన మెత్తటి బొచ్చు దుప్పటి కూడా. బతికిన రెండోదాన్ని ఆ సాయంత్రమే కిందికి, మా పడకగదిలోకి తెచ్చాను. ఆ రాత్రి మా ఆయనా నేనూ చాప తీసుకుని మిద్దె మీదకు వెళ్లాం. అప్పటినుంచి ఏటా చైత్రం రాగానే అదే ఏర్పాటు.

ఈ కోడి ఎందుకింత సుకుమారమో తెలిస్తే నా సలహాలు అంత విడ్డూరంగా తోచవు. మా చుట్టూ బట్టల కొట్లే కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. మామూలు కోడి ఈకను వేళ్ల మధ్య లాగితే చీలుతుంది, మళ్లీ దువ్వితే అతుక్కుంటుంది. ఈక పోగులకు కంటికి ఆనని కొక్కేలుంటాయి. ఒక పోగు పక్క పోగును పట్టుకుని ఉంటుంది. అది నేసిన గుడ్డ. సిల్కీ ఈకకు ఆ కొక్కేలు లేవు. పడుగూ పేకా కలవని విడి నూలు. అందుకే చెయ్యి వేస్తే పట్టుకుచ్చులా ఉంటుంది, అందుకే అది ఎగరలేదు, అందుకే వాన చినుకు నేరుగా చర్మం దాకా దిగుతుంది. ఆ చర్మం నలుపు. ఎముకా నలుపే. చెవి తమ్మెలు నీలం. మామూలు కోళ్లకు కాలికి నాలుగు వేళ్లుంటే దీనికి ఐదు. 13వ శతాబ్దంలో మార్కో పోలో చైనాలో పిల్లి బొచ్చు లాంటి బొచ్చుతో నల్లటి కోళ్లుంటాయని రాసుకున్నాడు. మన మోటుపల్లి రేవు గురించీ, అక్కడ ఏలుతున్న రాణి గురించీ రాసినవాడూ ఆయనే. సిల్కీ పేరు చెప్పగానే ఆయన నాకు మోటుపల్లి మీదుగానే గుర్తొస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం తలకాయ. చంటిపిల్లల మాడు ఎలా మెత్తగా కొట్టుకుంటూ ఉంటుందో చూశారుగా? సిల్కీల్లో చాలావాటికి పిలక కింద పుర్రె ఉబ్బి, ఎముక పూర్తిగా కప్పుకోకుండా ఉంటుంది. వేరే కోడి అక్కడ ఒక్క పోటు పొడిచినా మెడ వంకర్లు తిరిగిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. కాబట్టి తోడుగా ఉంటుందని నాటుకోడిని తేకండి. ఎంత సాధువైనా తేకండి. మా భీమవరం చుట్టం ఒకాయన నా తెల్లదాన్ని చూసి, ‘ఇది సేతువ, దీనికి ఒక డేగను జత చెయ్యండి’ అన్నాడు. కాకి, డేగ, నెమలి, సేతువ అని రంగును బట్టి పేర్లు, ఏ రోజు ఏది గెలుస్తుందో లెక్కలు మన కుక్కుట శాస్త్రంలో ఉన్నాయి. ఆ పుస్తకం మన వాకిట్లోనే ఆగిపోవాలి. డేగ లోపలికి రాకూడదు.

ఇక గది. నేల మీద నాలుగు అంగుళాలు ఊక పరవండి. రోజూ పొద్దున రెట్ట పడ్డ చోట తీసేసి కొత్త ఊక వేయండి. ఘాటు వాసన మన ముక్కుకు తగిలిందంటే, నేలకు ఆరంగుళాల ఎత్తున ఊపిరి పీల్చే ప్రాణికి అది అంతకు ముందునుంచే తగులుతున్నట్టు. దండెం కట్టకండి. ఇది ఎగిరి కూర్చునే జాతి కాదు, ఒకదాని ఒళ్లో ఒకటి దూరి నేల మీదే పడుకుంటాయి. ఎత్తు మీద పడుకోబెట్టాలని మొహమాటపెడితే తెల్లారి దూకి కాలు విరగ్గొట్టుకుంటాయి. కిటికీలకు అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ వేయించండి. కోళ్లకని అమ్మే పల్చటి షట్కోణాల వల వద్దు. మా పేటలో తరాలుగా ధాన్యం, పప్పు, చింతపండు గోదాములు కదా, ఎలుకలకూ పందికొక్కులకూ కొదవ లేదు. ఆ వల వాటికి దారపు ముడితో సమానం.

నీళ్లు గిన్నెలో పెట్టకండి. గడ్డమూ పిలకా గిన్నెలో మునిగి, తడిసి, దుమ్ము అంటుకుని, రెండు రోజుల్లో కంటి చుట్టూ పుండవుతుంది. ముక్కుతో తాకితే చుక్క రాలే నిప్పిల్ గొట్టాలు దొరుకుతాయి, అవి పెట్టండి. పిలక కళ్లమీద పడి అది గుడ్డిదానిలా గోడకు కొట్టుకుంటుంది, మనం చూసి ముద్దుగా ఉందనుకుంటాం. ముద్దు కాదు, దానికి నిజంగానే ఏమీ కనబడదు. ప్రతి ఆదివారం తలంటుకునే పిల్లకు జడ వేసినట్టు కూర్చోండి. కోడిని తువాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి. చూపుడువేలితో కన్ను ఎక్కడుందో తడిమి, ఆ చుట్టూ ఉన్న పోగులు మాత్రం మొనలేని చిన్న కత్తెరతో కత్తిరించాలి. మిగిలినది మెత్తటి నూలు దారంతో వెనక్కి ముడి వేయాలి. రబ్బరు బ్యాండు వద్దు, అది చర్మాన్ని లాగుతుంది. కళ్లు తెరిపించిన మొదటిసారి మా తెల్లది నా ముఖం వంక చాలాసేపు అలాగే చూసింది. ఏడు నెలలు నా చేతి గింజలు తిని, నన్ను అప్పుడే చూసింది.

డబ్బు దగ్గర ఒక మాట. వేపేరిలో 1903 నుంచి పశువైద్య కళాశాల ఉంది, మా పేటకు దగ్గరే. కోడిపిల్లలకు ఏడో రోజు నాటికి కొక్కెర తెగులు టీకా చుక్క పడాలి. కంట్లో గానీ ముక్కులో గానీ ఒకే ఒక చుక్క. టీకా సీసా మామూలుగా వంద డోసులకు తక్కువ ఉండదు, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఆ పైన పనికిరాదు. మూడు పిల్లలకు వంద డోసులా అని వ్యాపారస్తుల ఇంట్లో అందరూ అడుగుతారు. కొనండి. మూడు చుక్కలు వేయండి. తొంభై ఏడు పారబోయండి. మా ఇంట్లో పైసా పైసా చూసుకునే అలవాటు నాలుగు తరాలది. ఈ ఒక్క చోట ఆ అలవాటు కట్టిపెట్టాను. కొక్కెర వచ్చాక మందు లేదు.

పండగల సంగతి మా పేటవాళ్లకు వేరే చెప్పాలి. మద్రాసంతటిలో హోళీ ఎక్కువగా ఆడేది మా వీధుల్లోనే. తెల్ల సిల్కీ బొచ్చులో గులాల్ పడితే దులపరించలేం, కడిగితే ఒళ్లు నానిపోతుంది. ఆ రోజు మిద్దె తలుపుకు తాళం వేసి తాళంచెవి మీ కొంగుకు కట్టుకోండి, మనవలు ఏడ్చినా ఇవ్వకండి. సంక్రాంతికి గుజరాతీ ఇళ్ల మిద్దెల మీద గాలిపటాలు లేస్తాయి. తెగిన మాంజా మన మిద్దె మీద పడి, ఈకలున్న ఆ కాళ్లకు చుట్టుకుందంటే వేలు తెగుతుంది. పండగ తరువాత మూడు రోజులు వంగి నేలంతా చేత్తో తడుముకుంటూ ఏరాకే కోళ్లను పైకి వదలండి. దీపావళికి మాత్రం చేయగలిగింది ఒకటే, గదిలో వాటి పక్కన కూర్చోవడం. కిటికీలకు పరుపులు నిలబెట్టి, దీపం ఆర్పి, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. పిండివంటలు ముందురోజే చేసుకోవచ్చు. చుట్టాలు వస్తామంటే కార్తీకంలో రమ్మనండి.

కార్తీకంలో కూడా వద్దులెండి. ఈశాన్య రుతుపవనాలు మన నెత్తిన కురిసేది అప్పుడే. 2016 డిసెంబర్ 12న వార్ధా తుపాను వచ్చిన మధ్యాహ్నం, మిద్దె మీది దడి లేచిపోతుంటే తర్వాత తెచ్చుకున్న మా పెట్టను ఎత్తుకుని మెట్లు దిగింది నేనే. ఆ పది మెట్లు దిగేలోపల అది కోడి అన్న గుర్తు పోయింది. బొచ్చంతా ఒంటికి అంటుకుని, నల్లటి చర్మం బయటపడి, పిడికెడు ప్రాణి వణుకుతూ ఉంది. కరెంటు పోయింది. జుట్టు ఆరబెట్టే డ్రైయర్ ఉండీ లాభం లేకపోయింది. బొగ్గుల కుంపటి రాజేసి, దూరంగా పెట్టి, కిటికీ కాస్త తెరిచి, తువాళ్లు వెచ్చజేసి ఒకటి మార్చి ఒకటి చుట్టాను. రాత్రి ఎనిమిదింటికి ఒక్కొక్క పోగూ విడివడి మళ్లీ బంతిలా అయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఎవరూ మధ్యాహ్నం అన్నం తినలేదని. ఇప్పుడు ఇంటికి ఇన్వర్టర్ ఉంది. అది ఫ్యాను కోసమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. డ్రైయర్ నడిచేంత పెద్దది చూసి నేనే కొనిపించాను.

మేం వైశ్యులం, ఇంట్లో గుడ్డు ముట్టం. మరి కోళ్లెందుకని అడగనివాళ్లు లేరు. గుడ్ల కోసమైతే సిల్కీని తేవద్దని నేనే చెబుతాను. ఏడాదికి నూరు పెడితే గొప్ప, అవీ చిన్నవి. పదో పన్నెండో పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. పొదుగు మాన్పించడానికి చన్నీళ్లలో ముంచమని, చీకట్లో గంప కింద మూయమని చెబుతారు. ఆ పని చేయకండి. పొదగడమే దాని పని. గుడ్లు లేకపోతే ఇంకేదైనా పొదుగుతుంది. మా అత్తగారు ఊరగాయకని ఉప్పులో ఊరవేసి, పళ్లెంలో ఎండబెట్టిన నిమ్మకాయల మీద ఒకరోజు ఎక్కి కూర్చుంది. పళ్లెం తీయబోతే బొచ్చంతా విప్పుకుని, గొంతులో గుర్రుమంటూ నా చేతిని పొడిచింది. కిలో బరువు లేని ప్రాణి, ఎగరలేదు, సరిగా చూడలేదు, తలకాయ మెత్తన. అది ఆరు నిమ్మకాయల కోసం నా మీదికి వచ్చింది. ‘ఉంచవే, ఈ ఏడు ఊరగాయ లేకపోతే ఏం కొంప మునిగింది’ అన్నారు అత్తగారు. మడి విషయంలో రవ్వంత సడలించని మనిషి.

పొన్నేరి నుంచి అరిటాకులు తెచ్చే ఆవిడను అడిగితే నాలుగు నాటుకోడి గుడ్లు గుడ్డలో మూటగట్టి తెచ్చింది. ‘అమ్మా, మీ ఇంట్లో గుడ్లేమిటమ్మా’ అని ఆమె గొంతు తగ్గించి అడిగింది. మార్చడం రాత్రిపూటే చేయాలి. దీపం వేయకుండా, ఒక చేత్తో రొమ్ము కొద్దిగా పైకెత్తి, రెండో చేత్తో నిమ్మకాయ తీసి గుడ్డు దూర్చాలి. ఇరవై ఒక్క రోజులు. రోజుకొక్కసారి లేచి, ఇంత మేత తిని, ఒక పెద్ద రెట్ట వేసి, మళ్లీ పరుగున వచ్చి కూర్చుంటుంది. లేవకపోతే మీరే ఎత్తి మేత దగ్గర దింపాలి. వదిలేస్తే ఆకలితో చచ్చిపోయే దాకా కూర్చునేవి ఉంటాయి. బాతు గుడ్లు పెట్టినా పొదుగుతుంది, వాటికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. మావి నాలుగింట్లో మూడు పిల్లలయ్యాయి. నాలుగు వేళ్ల పిల్లలు ఐదు వేళ్ల తల్లి బొచ్చులోంచి తలలు బయటపెట్టి చూస్తుంటే మేం మాజీ అని పిలిచే పక్కింటి పెద్దావిడ వచ్చి గడప దగ్గరే కూలబడి చూశారు.

ఆ మాజీ గారి సంగతి చెప్పాలి. వాళ్లు జైనులు. మేం కోళ్లు తెచ్చామని తెలిసిన రోజు ఆమె కన్నీళ్లు పెట్టుకుని వచ్చారు, కోయడానికే తెచ్చామనుకున్నారు. నేను పడకగది చూపించాను. ఆమె గదంతా చూసి, మా మంచాలెక్కడ అని అడిగి, మిద్దె మీద అని చెప్పగానే చెయ్యెత్తి దండం పెట్టారు. ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లాల్ మందిర్‌లో జైనులు పక్షులకు ఆస్పత్రి నడుపుతున్నారని నాకు చెప్పింది ఆవిడే. సిల్కీ పెంచదలిచినవాళ్లు ఇరుగుపొరుగుకు దాచిపెట్టకండి, పిలిచి చూపించండి. ఆమెతో నాకున్న చిక్కల్లా పావురాలే. రోజూ పొద్దున ఆవిడ మిద్దె మీద పావురాలకు సజ్జలు చల్లుతారు, అవి తిని నేరుగా మా దడి మీద వాలతాయి. పేలూ రోగాలూ వాటితో వస్తాయి. ఆవిడను మానమని ఎలా చెబుతాను? మా మిద్దె మీద కోళ్లు తిరిగే మేరకు పైకప్పు కూడా వలతో మూయించాను. దానితో ఆకాశంలో చక్కర్లు కొట్టే గద్దల భయమూ పోయింది.

పుంజును వద్దనే సలహా మీకు తప్పక వస్తుంది. నాకు సంతలో ఒకతను జత అని చెప్పి అమ్మినవి రెండూ పుంజులే. తప్పు అతనిదే అని కోప్పడ్డాను గానీ, సిల్కీ పిల్లల్లో పెట్టేదో పుంజేదో ఐదారు నెలల దాకా అనుభవమున్నవాళ్లకే తెలియదు. కూత పెట్టిందా పుంజు, గుడ్డు పెట్టిందా పెట్ట, అంతే. మొదటి ఎండకు పోయింది ఆ రెండిట్లో ఒకటి. రెండోది తెల్లవారుజామున మూడున్నరకు కూసేది. ఇచ్చేయమన్నారు అందరూ. ఎవరికిస్తాం? పేటలో నల్లకోడి మాంసం బలమని, కడక్‌నాథ్ లాంటిదేనని, కిలో ఎంతకిస్తారని వాకిట్లోకి వచ్చి అడిగినవాళ్లున్నారు. మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ ఆరా ఎక్కువైంది. అలా అడిగినవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేయండి, కోడి ఏ గదిలో ఉందో చెప్పకండి. పుంజుకు మాత్రం వెలుగు చొరని చెక్కపెట్టె చేయించండి, గాలికి కింద కన్నాలు పెట్టించండి, రాత్రి అందులో పెట్టి మీ తల దగ్గర ఉంచుకోండి. చీకటి ఉన్నంతసేపు చాలావరకు మెదలదు. ఆరింటికి మీరే తెరవాలి. ఆదివారమైనా తెరవాలి. మా ఆయన ఈ పని తొమ్మిదేళ్లుగా చేస్తున్నారు.

వేసవికి మళ్లీ వస్తాను, అసలు కష్టం అప్పుడే. మామగారి గోనెసంచులు ఇప్పుడు పనికొచ్చాయి. వాటిని తడిపి కిటికీలకు వేలాడదీస్తే గాలి చల్లబడుతుంది. వట్టివేళ్ల తడికలు దొరికితే ఇంకా మంచిది. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ఊకలో పడుకోబెట్టండి, కోళ్లు వాటికి ఆనుకుని కూర్చుంటాయి. మధ్యాహ్నం మేత వేయకండి, అరుగుదల కూడా ఒంట్లో వేడి పుట్టిస్తుంది. పొద్దున్నే, పొద్దు వాలాక వేయండి. తిరుపతి మొక్కులు మాఘంలోనే తీర్చేసుకోండి. మేలో ఇల్లు వదలకండి.

సాయంత్రం ఆరు దాటాక, మిద్దె నేల మీద బిందెడు నీళ్లు చల్లి, అరికాలు ఆనించి చూసుకుని, కోళ్లను పైకి తీసుకెళ్లండి. గంటసేపు బూడిద, ఇసుక, వేపాకు పొడి కలిపిన తొట్టెలో పొర్లనివ్వండి. చీకటి పడుతుండగా ఒక్కొక్కదాన్నే కిందికి దించాలి. మా మెట్లు ఇరుకు, దీపం కిందే ఉంది. కుడి చెయ్యి రొమ్ము కింద పెట్టండి, కాళ్లు వేళ్ల సందుల్లోకి రావాలి. ఎడమ చెయ్యి రెక్కల మీద వేయండి. పట్టుతప్పితే ఏదో ఒకటి పట్టుకోబోతాం గానీ, తల మీదికి మాత్రం చెయ్యి పోనివ్వకండి. మాడు.